అత్తమ్మకి కిటికీ కావాలా, గోడ కావాలా?

నెల్లూరు నుంచి ఒక కోడలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. సంగతి ఇది.

ఆమె వయసు 41. భర్తకి విడవలూరు వైపు రొయ్యల చెరువులున్నాయి. పదో తరగతి పరీక్షలు రాయబోతున్న కొడుకు, ఎనిమిదేళ్ళ కూతురు. అత్తమామలు కావలి దగ్గర ఊరు వదిలి నాలుగేళ్ళుగా వీళ్ళతోనే ఉంటున్నారు. మామగారికి 74, మోకాళ్ళు అరిగి కర్ర పట్టుకుని నడుస్తారు. అత్తగారికి 68. ఈ వేసవికి వాళ్ళ పెళ్ళయి 50 ఏళ్ళు నిండుతాయి. అందరం కలిసి ఓడెక్కుదామని సింగపూర్‌లో ఉన్న ఆడబిడ్డ పట్టుబట్టింది. ఏప్రిల్ ఆఖరి వారంలో చెన్నై నుంచి విమానంలో సింగపూర్, అక్కడ ఓడెక్కి మలేసియాలో పెనాంగ్, థాయిలాండ్‌లో ఫుకెట్ చూసి, నాలుగో రోజంతా సముద్రం మీదే ఉండి, ఐదో రోజు పొద్దున మళ్ళీ సింగపూర్.

గొడవంతా గదుల దగ్గర వచ్చింది. ఆరుగురికి రెండు గదులు కావాలి. రెండూ ఇన్‌సైడ్ గదులైతే, అంటే కిటికీ లేని లోపలి గదులైతే, మొత్తం 2,40,000 రూపాయలు, రెండూ బాల్కనీ గదులైతే 3,70,000 అని ట్రంక్ రోడ్డులోని ఏజెంటు లెక్క చెప్పాడు. ఆడబిడ్డ కుటుంబం ఇప్పటికే ఇన్‌సైడ్ తీసుకుంది. "పడుకోవడానికే గదమ్మా, పగలంతా పైనే ఉంటాం" అని ఆమె మాట. భర్త మాట వేరు: "అమ్మానాన్నల్ని కిటికీ కూడా లేని గదిలో పడుకోబెట్టామంటే ఊళ్ళో తలెత్తుకోగలమా? రెండూ బాల్కనీయే." ఈ పంటకి రొయ్యకి ధర వచ్చింది గానీ తర్వాతి పంట సంగతి ఎవరికి తెలుసు, జూన్‌లో పిల్లాడి ఇంటర్ ఫీజు కట్టాలి కదా అని ఈమె దిగులు. మామగారేమో ఓడెక్కి నీళ్ళు చూడకపోతే ఎక్కడం దేనికంటున్నారు. అత్తగారిని అడిగితే, "యాడైతే ఏంది నాయనా, ఆ రొద వినపడకుంటే చాలు" అన్నారట.

ఆ మాట వెనక ఒక కథ ఉంది. 1989 నవంబరులో కావలి తుపాను రాత్రి అత్తగారు ఇద్దరు పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని, తలుపుకి రోకలి అడ్డం వేసి, తెల్లవారే దాకా చీకట్లో కూర్చున్నారు. ఇప్పటికీ రాత్రిపూట గట్టిగా గాలి వీస్తే లేచి కూర్చుంటారు.

"నాలుగున్నరకి లేస్తే గానీ చెరువులకి పోయే ఆయనకీ, స్టడీ అవర్‌కి పోయే పిల్లాడికీ క్యారేజీలు కావు. ఇవన్నీ ఆలోచించే తీరిక కూడా నాకు లేదు. ఏ గది తీసుకోవాలో, మా ఆయనతో ఎలా మాట్లాడాలో మీరే చెప్పండి" అని అడిగారు. సంతకానికి పైన చిన్న అక్షరాలతో ఇంకో వాక్యం ఉంది: "నాకు మాత్రం ఒక్క పొద్దున ఎవరూ పిలవకుండా టీ తాగుతూ సముద్రం చూడాలని ఉంది, అది ఇక్కడ రాయాల్సిన సంగతి కాదు లెండి."

అమ్మా,

ఆ చివరి వాక్యం రాయాల్సిన సంగతే. దాని దగ్గరికి వస్తాను. ముందు గదుల సంగతి.

ఏ గది తీసుకున్నా తిండి ఒకటే, ఆటపాటలు ఒకటే, ఓడ ఆగే ఊళ్ళూ అవే. పన్నులు, రేవు రుసుములు, సిబ్బందికని మనిషికి రాత్రికింతని వసూలు చేసే టిప్పులు కూడా ఈ రెండు రకాల గదులకీ మామూలుగా ఒకటే ఉంటాయి. మీరు ఎక్కువ కట్టే 1,30,000 అచ్చంగా కాస్త వెలుతురుకీ, రెండు కుర్చీలు పట్టే వరండాకీ. అది తక్కువేమీ కాదు. కానీ దాన్ని ఎవరు, ఏ వేళల్లో వాడుకుంటారో తేల్చుకోకుండా కడితే డబ్బు దండగ. ఏజెంటు చెప్పిన లెక్కలో ఇవన్నీ కలిశాయా లేదా అన్నది కాగితం మీద రాయించుకోండి.

ఇన్‌సైడ్ గది ఎలా ఉంటుందో మీవారికి తెలిసినట్టు లేదు. చాలా ఓడల్లో అది 150 నుంచి 180 చదరపు అడుగులు ఉంటుంది. మన ఇళ్ళలో ఒక మోస్తరు పడకగది అనుకోండి, అందులోనే బాత్రూమ్, బీరువా, మంచాలు. శుభ్రంగా, చల్లగా ఉంటుంది. మూడో మనిషికీ నాలుగో మనిషికీ సోఫా పరుపో, పైకప్పు నుంచి దిగే మంచమో ఉంటుంది. దానికి నిచ్చెన ఎక్కాలి, అది మీవాడి వయసు పిల్లలకి సరదా. దీపం ఆర్పితే మాత్రం అది మామూలు చీకటి కాదు. నేను చెన్నై నుంచి ఓడలో వెళ్ళినప్పుడు మొదటి రాత్రి అలాంటి గదిలోనే పడుకున్నాను. మెలకువ వచ్చి, ఇంకా అర్ధరాత్రే అనుకుని పక్కకి తిరిగి పడుకున్నాను. ఫోను చూస్తే ఎనిమిదిన్నర. బయట మిట్టమధ్యాహ్నమైనా ఆ గదికి తెలియదు. నాకు అంత మంచి నిద్ర ఏళ్ళ తరబడి పట్టలేదు. మా అమ్మ మాత్రం "ఈ గదిలో పొద్దు ఎట్టా తెలుస్తుందిరా" అంటూ ఆ రెండు రోజులూ తలుపు తీసి నడవాలోకి తొంగి చూస్తూనే ఉంది. ఒకే గది, ఇద్దరికి రెండు రకాలు.

అందుకే మీ ఇంట్లో అసలు తేలాల్సింది మీ అత్తగారి మాట. "ఆ రొద" అన్నారు కదా. ఏ రొద? మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, నాకు తెలియలేదు. మీకూ తెలియదనుకుంటాను. ఆవిడకి భయం నీళ్ళంటేనా, లేక ఆ రాత్రి తలుపు మూసుకుని, బయట ఏం జరుగుతోందో కనిపించని చీకట్లో, పిల్లల్ని పట్టుకుని కూర్చున్న ఆ మూసిన గది అంటేనా? రెండూ ఒకటి కావు. నీళ్ళంటే భయమైన మనిషికి ఇన్‌సైడ్ గది గర్భగుడిలా ఉంటుంది. సముద్రం మీద ఉన్నానన్న సంగతే మరిచిపోతుంది. మూసిన చీకటంటే భయమైన మనిషిని అదే గదిలో పడుకోబెడితే, మళ్ళీ 1989లోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టినట్టే. మీవారు గౌరవం అనుకుంటున్నదీ, మీరు పొదుపు అనుకుంటున్నదీ ఈ ఒక్క ప్రశ్న ముందు చిన్నవైపోతాయి.

ఆవిడని అడగండి. మీవారు అడిగితే "మీ ఇష్టం నాయనా" అనే అంటారు. కొడుకు ఖర్చు పెడుతుంటే నాకిది కావాలని నోరు తెరిచి చెప్పే తరం కాదు వాళ్ళది. మధ్యాహ్నం ఇద్దరూ కూర్చుని చిక్కుళ్ళు తుంచుకునే వేళ, గది ఊసెత్తకుండా, ఆ తుపాను రాత్రి గురించి అడగండి. ఏం వినపడింది, ఏం కనపడింది, అన్నిటికన్నా దేనికి భయపడ్డావత్తమ్మా అని. ఆవిడ చెప్పుకుపోతుంటే మధ్యలో ఆపకండి. "నీళ్ళు వస్తాయేమో అనుకున్నా" అంటారో, "తలుపు తీయడానికి లేదు, ఏం కనపడలా" అంటారో వినండి. మీ సమాధానం అక్కడుంటుంది. 36 ఏళ్ళు దాటింది కదా, బహుశా ఎవరూ ఆవిడని అలా కూర్చోబెట్టి అడిగి ఉండరు.

మాటల్లో తేలకపోతే ఇంకో దారుంది. ఒక సాయంత్రం మైపాడు బీచికి తీసుకెళ్ళండి. పొద్దుగూకే దాకా ఉండండి. ఆవిడ నీళ్ళ వైపు కూర్చుంటారా, వెనక్కి తిరిగి కూర్చుంటారా, చీకటి పడ్డాక ఇంటికి పోదామని తొందరపెడతారా చూడండి. ఇంకో మధ్యాహ్నం ఇంట్లో లోపలి గదిలో తెరలు లాగి, లైటు తీసి, ఏసీ వేసి పడుకోమనండి. గంట నిద్రపోతే ఒక జవాబు, పది నిమిషాలకి తలుపు తీసుకుని వస్తే ఇంకో జవాబు.

ఆవిడకి ధైర్యం చెప్పడానికి ఒక నిజం కూడా ఉంది. ఆ 1989 తుపాను పుట్టింది థాయిలాండ్ సింధుశాఖలో. అక్కడి నుంచి సన్నటి నేలను దాటి బంగాళాఖాతంలో పడి మన కావలి దగ్గర తీరం చేరింది. ఫుకెట్ పేరు వింటే ఆవిడకేమీ గుర్తు రాకపోవచ్చు, మామగారికి రావచ్చు. కానీ అది నవంబరు. మీరు వెళ్ళేది ఏప్రిల్. మీ ఓడ ఎక్కువ భాగం పోయేది మలక్కా జలసంధిలో. ఒక పక్క సుమత్రా, ఇంకో పక్క మలేసియా అడ్డంగా ఉండడం వల్ల అక్కడ అలలు మామూలుగా పెద్దవి కావు. ఫుకెట్ వైపు సముద్రం ముదిరేది మే నెల నడిమి నుంచి, నైరుతి గాలులు మొదలయ్యాక. మీరు ఎంచుకున్న వారం మంచిదే, సెలవులని మేకి జరపకండి.

ఇక జవాబును బట్టి దారులు.

నీళ్ళ భయమని తేలితే ఇన్‌సైడ్ గదే ఆవిడకి హాయి. కానీ ఏ ఇన్‌సైడ్ గదైనా నిశ్శబ్దంగా ఉంటుందనుకోకండి. కింది అంతస్తులో, ఓడ ముందు భాగంలో ఉన్న గదులకి అలలు కొట్టే చప్పుడు వినపడుతుంది. ఓడ రేవుకి ఆనేటప్పుడు పక్కకి నెట్టే మోటార్లు ఆడితే మంచం అదురుతుంది. పొడవులో చూస్తే మధ్య భాగం అడగండి, ఊపు అక్కడే తక్కువ. పైనా కిందా కూడా గదులే ఉన్న అంతస్తు చూసుకోండి. ఈత కొలను కింద గదైతే తెల్లవారకముందే నెత్తిమీద కుర్చీలు ఈడ్చే చప్పుడు. నాటకశాల పైన గదైతే అర్ధరాత్రి దాకా డప్పులు. ఒక నైట్ లాంప్ పట్టుకెళ్ళండి, బ్యాటరీది. ఓడ బాత్రూమ్ గుమ్మం చాలా చోట్ల ఎత్తుగా ఉంటుంది. పెద్దవాళ్ళు రాత్రి లేచి ఆ చీకట్లో కాలు తట్టుకుని పడడం నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం.

మూసిన గది భయమని తేలితే, ఆవిడకి వెలుతురు తప్పనిసరి. అప్పుడు కూడా బాల్కనీ ఒక్కటే దారి కాదు. మీ ఏజెంటు చెప్పని మూడో రకం ఒకటుంది: కిటికీ గది, ఓషన్ వ్యూ అంటారు. పెద్ద అద్దం ఉంటుంది, తెరుచుకోదు. గాలి రొద లోపలికి రాదు, పొద్దు తెలుస్తుంది, వద్దనుకుంటే తెర లాగేయొచ్చు. ఎక్కువగా కింది అంతస్తుల్లో ఉంటాయి కాబట్టి ఊపూ తక్కువే. ధర మామూలుగా రెండిటికీ మధ్యన. రెండూ కలగలిసిన భయమైతే, గాలంటే ఒకటీ చీకటంటే ఒకటీ, మీ అత్తగారికి నేను మొదట అడిగేది ఇదే. అన్ని ఓడల్లో ఎక్కువ ఉండవు, తొందరగా అడగండి.

ఇక బాల్కనీ. దానికి తలుపేసి మందపాటి తెర లాగితే అది లోపలి గదే అవుతుంది. లోపలి గదికి మాత్రం ఎంత చేసినా కిటికీ రాదు. ఆ లెక్కన బాల్కనీకి వెసులుబాటు ఎక్కువ. కానీ ఏప్రిల్‌లో అక్కడ ఎండ మన ఎండలాంటిదే, ఉక్క ఇంకాస్త ఎక్కువ. పది గంటల నుంచి నాలుగింటి దాకా ఆ కుర్చీల్లో ఎవరూ కూర్చోరు. చాలా ఓడల్లో బాల్కనీ తలుపు తెరిస్తే గదిలో ఏసీ ఆగిపోతుంది. అంటే మీరు కొనేది పొద్దున రెండు గంటలూ, సాయంత్రం రెండు గంటలూ. నాలుగు రోజులకి రెండు బాల్కనీలు మీకు అక్కర్లేదు, అది గట్టిగానే చెప్తున్నాను.

ఒక బాల్కనీ, ఒక ఇన్‌సైడ్. 3,05,000 అవుతుంది, మీవారి లెక్క కంటే 65,000 తక్కువ. పెద్ద ఓడల్లో నడవాకి ఒక వైపు బాల్కనీ గదులూ, ఎదురుగా ఇన్‌సైడ్ గదులూ ఉంటాయి. ఎదురెదురు తలుపులు వచ్చేలా నంబర్లు అడిగి తీసుకోండి. మన ఊళ్ళో వీధికి అటు ఒక ఇల్లు, ఇటు ఒక ఇల్లు ఉన్నట్టే. ఆ బాల్కనీ ఆరుగురిదీ అవుతుంది. గది నంబరు తర్వాత ఇస్తామనే చౌక టికెట్టు మాత్రం తీసుకోకండి. రెండు గదులు ఓడకి రెండు కొసల్లో పడితే, 300 మీటర్ల ఓడలో మామగారు కర్రతో ఎన్నిసార్లు తిరగగలరు? లిఫ్టుకి దగ్గరగా ఉండాలని కూడా చెప్పండి. బాల్కనీ ముందు ప్రాణరక్షక పడవలు వేలాడకుండా చూసుకోండి, కొన్ని గదులకి అవే కనిపిస్తాయి.

ఆ బాల్కనీ గదిలో పేరు ఎవరిది? పగలు గదిలో ఎక్కువసేపు ఉండేవాళ్ళది. మీ ఇంట్లో అది మామగారు. ఎందుకంటారా? పెనాంగ్‌లో ఓడ రేవుకే ఆనుతుంది, మెల్లగా దిగి జార్జ్‌టౌన్‌లో కాసేపు తిరిగి రావచ్చు. ఫుకెట్‌లో పటాంగ్ దగ్గర పెద్ద ఓడలు సముద్రంలోనే లంగరు వేసి, చిన్న పడవల్లో ఒడ్డుకి చేరుస్తాయి. అలకి పైకీ కిందికీ ఊగే పడవలోకి అడుగు వేయడం అరిగిన మోకాళ్ళకి కష్టం. ఆ రోజు ఆయన ఓడలోనే ఉండిపోవచ్చు. మీరంతా ఊరు చూడ్డానికి పోతే ఆయన ఎక్కడ కూర్చుంటారు? ఆ ఒక్క పూట కోసమే నేనైతే బాల్కనీకి డబ్బు కడతాను. నీళ్ళు చూడాలన్న మనిషి, కొండలూ పడవలూ కనపడుతుంటే, గదిలోకి కాఫీ తెప్పించుకుని కూర్చుంటారు.

ఇక్కడొక చిక్కుంది. అత్తగారికి నీళ్ళ భయమని తేలితే, భార్యాభర్తలకి ఒకే గది కుదరదు. 50 ఏళ్ళ పెళ్ళిరోజుకని తీసుకెళ్ళి చెరో గదిలో పడుకోబెట్టడమా అని మీవారికి కోపం రావచ్చు. ఆయన ఆలోచన తప్పని నేననను. అప్పుడు రెండు దారులు. ఇద్దరూ బాల్కనీ గదిలోనే ఉండి, రాత్రి తెర లాగేసి, అత్తగారి మంచం తలుపుకి దూరంగా వేయించుకోవడం ఒకటి. తెర వెనక సముద్రం ఉందని ఆవిడకి తెలుస్తూనే ఉంటుంది, నిద్ర పట్టకపోవచ్చు. రాత్రికి అత్తగారూ మనవరాలూ మీతో ఇన్‌సైడ్ గదిలో, మామగారూ మనవడూ మీవారూ బాల్కనీ గదిలో పడుకోవడం ఇంకోటి. నడవా దాటితే చాలు కదా. ఏది కావాలో ఆ ముసలి దంపతుల్నే తేల్చుకోనివ్వండి. 50 ఏళ్ళలో వాళ్ళు ఇంతకంటే పెద్దవే తేల్చుకుని ఉంటారు.

పాప గురించి ఒక్కమాట. బాల్కనీ కుర్చీలు కమ్మీకి దూరంగా గోడకి జరిపి పెట్టండి. కమ్మీ ఆ పిల్లకి ఎత్తే, కుర్చీ ఎక్కితే కాదు. పెద్దవాళ్ళు లేకుండా ఆ తలుపు తీయకూడదని ఓడెక్కకముందే చెప్పండి. అత్తగారికి కూడా ఒకటి చెప్పాలి: ఓడలో దీపం, అగరొత్తులు వెలిగించనివ్వరు, ఏ గదిలోనూ. పెళ్ళిరోజున దేవుడి ముందు దీపం లేదని అక్కడ తెలిసి బాధపడే బదులు, బ్యాటరీ దీపం ఒకటి ఇప్పుడే కొనిపెట్టుకుని, అసలు దీపం బయలుదేరే ముందు ఇంట్లో పెట్టించండి. మీ సింగపూర్ వీసాలు రెండుసార్లు ప్రవేశించేలా ఉన్నాయా చూసుకోండి, ఓడ దిగి మళ్ళీ ఆ దేశంలోకే వస్తారు.

మీవారితో ఎలా మాట్లాడాలన్నారు. ఆయన గౌరవాన్ని తక్కువ చేయకండి. ఆ తుపాను రాత్రి అమ్మ ఒళ్ళో ఉన్న పిల్లాడు ఆయనే కదా. అమ్మకి మంచి గది ఇవ్వాలన్న పట్టుదల ఊళ్ళోవాళ్ళ మాట కోసమే కాకపోవచ్చు. "డబ్బు దండగ" అని మొదలుపెడితే వాదన అవుతుంది. "అత్తమ్మ నాతో ఇట్టా చెప్పింది" అని మొదలుపెట్టండి. ఆడబిడ్డగారికి కూడా అదే చెప్పండి. మేము బాల్కనీ తీసుకున్నామని ఆమెకి చిన్నతనం అనిపించకుండా, సాయంత్రం టీకి వాళ్ళనీ ఆ వరండాలోకే పిలవండి. ఫీజు దిగులు మిగిలే ఉంటే, రెండూ ఇన్‌సైడ్ తీసుకోవడమూ తప్పు కాదు. మామగారికి పై డెక్కు మీద నీడలో కుర్చీ దొరుకుతుంది, కాకపోతే ఎవరో ఒకరు తోడు వెళ్ళి కూర్చోబెట్టి రావాలి. ఆ ఎవరో ఒకరు చివరికి మీరే అవుతారని నాకు అనుమానం. నిర్ణయించేటప్పుడు అది కూడా లెక్కలో వేసుకోండి.

ఇక మీ చివరి వాక్యం. ఒక బాల్కనీ తీసుకుంటే గనక ఓడకి ఎడమ వైపు గది అడగండి. వెళ్ళేటప్పుడు ఓడ వాయవ్యంగా పోతుంది, సాయంత్రపు పొద్దు ఆ వైపు దిగుతుంది, అది మామగారికి. ఫుకెట్ నుంచి తిరిగొచ్చే నాలుగో రోజు ఓడ ఆగ్నేయంగా తిరుగుతుంది, అప్పుడు పొద్దు పొడిచేది ఆ ఎడమ వైపే. ఆ రోజు ఎక్కడా దిగేది లేదు, ఎవరికీ క్యారేజీ లేదు. ముందురోజు రాత్రే మామగారికి చెప్పి ఉంచండి, పొద్దున కాసేపు ఆ కుర్చీ నాది అని. సింగపూర్ గడియారంలో అక్కడ సూర్యోదయం ఏడు గంటల ప్రాంతంలో. మన గడియారంలో అది నాలుగున్నర, మీకు ఎలాగూ మెలకువ వచ్చే వేళ.